తెలుపు, వేడి, పుండు: కలయిక తర్వాత ఆడవాళ్ల ఒంటి కాపలా ఎలా పనిచేస్తుంది?

పోయిన నెల నల్గొండలో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఒకే సాయంత్రం మూడు మాటలు విన్నాను. వదిన ఫోన్‌లో ఒక వీడియో నడుస్తోంది. "వారానికి రెండుసార్లు కలిస్తే ఆడవాళ్లకు ఇమ్యూనిటీ పెరుగుతుంది, సైన్స్ తేల్చేసింది" అంటున్నాడు అందులో ఒకాయన. అంతలో పక్కింటి కొత్త కోడలు ముఖం వేలాడేసుకుని వచ్చింది. మూత్రానికి పోతే మంటట. వాళ్ల అత్తమ్మ "ఏం కాదు, వేడి చేసింది, బార్లీ నీళ్లు తాగు" అంది. ఇవన్నీ విన్న చిన్నమ్మ మెల్లగా అంది: "నాక్కూడ గట్లనే తెలుపు పోతుండె. గర్భసంచికి పుండు అయింది, క్యాన్సర్ అయితది అని తీసేసిండ్రు." అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు.

ఇమ్యూనిటీ, వేడి, పుండు. ఈ మూడు మాటలూ నిజానికి ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఆడవాళ్ల జననాంగాల దగ్గర సహజంగా ఏర్పడిన ఒక కాపలా ఉంటుంది. కలయిక ఆ కాపలాను కదిలిస్తుంది. ఎంత కదిలిస్తుంది, ఎంతసేపు కదిలిస్తుంది, ఎప్పుడు అది రోగం కింద లెక్క, ఎప్పుడు కాదు అన్న దగ్గరే గందరగోళం. ఈ గందరగోళం వల్ల మన దగ్గర ఆడవాళ్లు చాలా పోగొట్టుకున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాపలా కాసేది ముందుగా పెరుగులాంటి బ్యాక్టీరియానే

రోగనిరోధక శక్తి అనగానే రక్తం, తెల్లకణాలు గుర్తొస్తాయి. కానీ యోని దగ్గర ముందు వరుసలో నిలబడేవి మన కణాలు కావు, లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా. 1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ డాక్టర్ వీటి గురించి మొదట రాశాడు. పాలను తోడు వేసినప్పుడు పెరుగు చేసే బ్యాక్టీరియాకు ఇవి దగ్గరి చుట్టాలు. ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్నంతకాలం యోని గోడ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది. అదే ఈ బ్యాక్టీరియాకు మేత. దాన్ని తిని అవి లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. దాంతో అక్కడి పుల్లదనం పీహెచ్ లెక్కలో 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఈ పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఇంట్లో గిన్నెలో తోడుకున్న పెరుగు పులుపు కూడా ఇంచుమించు అంతే. చెడు బ్యాక్టీరియాకు ఈ పులుపు గిట్టదు.

రెండో వరుస గోడ. యోని లోపలి పొర ఒకదాని మీద ఒకటి పేర్చిన చాలా వరుసల కణాలతో ఉంటుంది. పై వరుస ఎప్పటికప్పుడు రాలిపోతుంది, రాలుతూ తనకు అంటుకున్న క్రిములను కూడా తీసుకుపోతుంది. మూడోది గర్భసంచి ముఖద్వారం, అంటే యోని చివర గర్భసంచి మొదలయ్యే సన్నని మెడ. అక్కడ ఊరే జిగురులో యాంటీబాడీలు ఉంటాయి, కన్నీళ్లలో ఉండే, క్రిములను చంపే లైసోజైమ్ అనే పదార్థం కూడా ఉంటుంది. ఆ పైన గర్భసంచి లోపల తెల్లకణాల పహారా.

ఈ రాలిన కణాలు, జిగురు, ఊరిన నీరు, బ్యాక్టీరియా అన్నీ కలిసి బయటికి వచ్చేదే మనం వైట్ అవుతోంది అనేది. వయసులో ఉన్న ఆడవాళ్లలో రోజుకు 1 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా రావడం మామూలే. అంటే ఒక చిన్న చెంచాలోపు. దుర్వాసన, దురద, మంట లేకుండా తెల్లగానో నీళ్లలాగానో వస్తుంటే అది కాపలా డ్యూటీలో ఉందనడానికి గుర్తు. కొద్దిగా పుల్లటి వాసన ఉండటం కూడా సహజం. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది "ఎముకలు కరిగి పోతున్నాయి" అని భయపడుతూ బతుకుతున్నారో! ఎముకలకూ దీనికీ సంబంధం లేదు.

ఈ కాపలాకు ఒక చిక్కు పని ఉంది. క్రిములను రానివ్వకూడదు, అవసరమైనప్పుడు వీర్యకణాలను మాత్రం పోనివ్వాలి. ఆ తర్వాత సగం తండ్రిది, సగం తల్లిది అయిన బిడ్డను పరాయిదని తరిమేయకుండా తొమ్మిది నెలలు మోయాలి. అందుకే దీన్ని కోటగోడతో పోల్చడం కుదరదు. సాగర్ డ్యామ్ గేట్లతో పోల్చొచ్చు. ఎప్పుడు దించాలో ఎప్పుడు ఎత్తాలో, ఎన్ని అడుగులు ఎత్తాలో లెక్క ఉంటుంది.

మొదటి 8 సెకండ్లు, ఆ తర్వాతి కొన్ని గంటలు

వీర్యం పులుపుకు విరుగుడు. దాని పీహెచ్ 7.2 నుంచి 8 దాకా ఉంటుంది. యోని పులుపు తగిలితే వీర్యకణాలు చచ్చిపోతాయి కాబట్టి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. 1973లో కొందరు పరిశోధకులు చిన్న రేడియో పరికరంతో కలయిక సమయంలోనే కొలిచి చూశారు. వీర్యం పడిన 8 సెకండ్లలోనే పీహెచ్ 4.3 నుంచి 7.2కు ఎగబాకింది.

అంకెలు చూస్తే మూడు కంటే తక్కువ తేడానే కదా అనిపిస్తుంది. పీహెచ్ లెక్క అలా ఉండదు. ఒక్కో మెట్టుకు ఆమ్లం పది రెట్లు మారుతుంది. రెండు మెట్లకు వంద రెట్లు, మూడు మెట్లకు వెయ్యి రెట్లు. 4.3 నుంచి 7.2 అంటే పులుపు దాదాపు 800వ వంతుకు పడిపోయినట్టు. పులిసిన మజ్జిగ కాస్తా మంచినీళ్లయినట్టు అనుకోండి. చెడు బ్యాక్టీరియా తలెత్తడానికి ఆ సమయం అనుకూలం.

అయితే అది శాశ్వతం కాదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలో లాక్టోబాసిల్లస్ మళ్లీ పనిలో పడుతుంది, కొన్ని గంటల్లో పులుపు తిరిగి నిలబడుతుంది. ఈ మధ్యలో ఒంటి సొంత కణాలు కూడా ఊరుకోవు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో సారా రాబర్ట్‌సన్ బృందం ఒక పరిశోధన చేసింది. కలయిక జరిగిన 12 గంటల్లోపు గర్భసంచి ముఖద్వారం దగ్గర తెల్లకణాలు పెద్దసంఖ్యలో చేరడం అందులో కనిపించింది. కండోమ్ వాడిన వాళ్లలో, కలయిక లేనివాళ్లలో ఈ మార్పు లేదు. అంటే ఆ గుంపును పిలిచింది రాపిడి కాదు, వీర్యమే.

ఆ తెల్లకణాలు రెండు పనులు చేస్తాయి. మిగిలిన వీర్యకణాలను, వెంట వచ్చిన క్రిములను ఊడ్చేస్తాయి. అంతకన్నా ఆసక్తికరమైనది రెండో పని. తండ్రి వైపు ప్రొటీన్లు ఎలా ఉంటాయో గుర్తుపెట్టుకుని, 'వీళ్లు మనవాళ్లే' అని మిగతా రక్షణ వ్యవస్థకు పరిచయం చేస్తాయి. వీర్యంలోని టీజీఎఫ్ బీటా, ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు దీనికి తోడ్పడతాయి. కాబట్టి కలయిక రక్షణను పెంచుతుందా తగ్గిస్తుందా అని ఒక్కమాటలో అడిగితే జవాబు రాదు. కొన్ని గంటలపాటు పులుపును తగ్గిస్తుంది, తెల్లకణాలను పెంచుతుంది, వాటిలో కొన్నింటికి ఓర్పు నేర్పుతుంది. మూడూ ఒకేసారి జరుగుతాయి.

ఇక్కడ సబ్బు సంగతి చెప్పకపోతే కుదరదు. కలయిక తర్వాత లోపలిదాకా సబ్బుతోనో డెట్టాల్ నీళ్లతోనో కడుక్కునే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది, శుభ్రమనే అనుకుంటారు. ఒంటి సబ్బు పీహెచ్ సాధారణంగా 9 పైనే. అప్పటికే తగ్గిన పులుపు మీద ఇది పడితే లాక్టోబాసిల్లస్ కోలుకోవడానికి మరింత సమయం పడుతుంది. యోని తనను తాను కడుక్కునే అవయవం. బయట నీళ్లతో కడుక్కోవడం వేరు, లోపల కడగడం వేరు. లోపల కడిగే అలవాటున్న వాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని ఎన్నో పరిశోధనల్లో తేలింది.

నెలలో కాపలా మెత్తబడే రోజులు

కలయిక ప్రభావం నెలంతా ఒకేలా ఉండదు. ఒక ఉదాహరణ. 28 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీని తీసుకుందాం. నెలసరి మొదలైన రోజు 1వ రోజు. 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది. దానికి ముందు రెండు మూడు రోజులు గర్భసంచి ముఖద్వారం జిగురు పలచబడి, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. గేటు ఎత్తిన రోజులు అవే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ పెరిగి జిగురు చిక్కబడుతుంది, గేటు దిగుతుంది.

గర్భం నిలిస్తే ఆ పిండం గర్భసంచి గోడకు అతుక్కునేది అండం విడుదలైన 6 నుంచి 10 రోజులకు, అంటే మన లెక్కలో 20 నుంచి 24వ రోజు మధ్య. ఆ రోజుల్లో లోపలి తెల్లకణాలు దూకుడు తగ్గించుకోవాలి. లేకపోతే పిండాన్ని శత్రువనుకుంటాయి. గర్భసంచిలో సహజ హంతక కణాలు అని పేరున్న ఒక రకం కూడా ఆ పేరుకు తగ్గట్టు చంపే పని చేయకుండా, బిడ్డకు రక్తం అందించే నాళాలను సరిచేసే పనికి మారుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

ఓర్పుకు ఖరీదు ఉంటుంది. అండం విడుదలైన తర్వాతి 7 నుంచి 10 రోజులు హెచ్‌ఐవీ లాంటి వైరస్‌లు సోకడానికి అనువైన సమయం కావచ్చని అమెరికాలోని డార్ట్‌మౌత్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ల్యాబ్‌లో కణాల మీద, జంతువుల మీద దీనికి కొంత ఆధారం ఉంది. మనుషుల్లో రోజులు లెక్కపెట్టి రుజువు చేయడం చాలా కష్టం కాబట్టి దీన్ని ప్రతిపాదనగానే చూడాలి. మిగతా రోజులు క్షేమమని దీనర్థం కాదు.

'ఇమ్యూనిటీ పెరుగుతుంది' అనే వార్తలో నిజమెంత?

వదిన చూసిన వీడియోకు మూలం రెండు పరిశోధనల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. మొదటిది 2004లో అమెరికాలోని విల్క్స్ విశ్వవిద్యాలయంలో జరిగింది. వందకు పైగా కాలేజీ విద్యార్థుల లాలాజలంలో ఐజీఏ అనే యాంటీబాడీని కొలిచారు. వారానికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్లలో అది ఎక్కువగా ఉంది. కానీ వీడియోలో చెప్పని సంగతి ఒకటుంది. వారానికి మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ కలిసేవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. పైగా కొలిచింది లాలాజలంలో, గర్భసంచి దగ్గర కాదు.

రెండోది 2015 నాటిది. ఇండియానా విశ్వవిద్యాలయంలోని కిన్సీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 30 మంది ఆరోగ్యవంతులైన స్త్రీల రక్తం, లాలాజలం నెలసరి వేర్వేరు దశల్లో పరీక్షించారు. దాన్ని అర్థం చేసుకోవడానికి రెండు పేర్లు తెలియాలి. మన రక్షణ వ్యవస్థలో సహాయక టీ కణాలు ఉంటాయి. అందులో టీహెచ్1 రకం చొరబడ్డ క్రిమి మీద నేరుగా దాడి చేయిస్తుంది. టీహెచ్2 రకం యాంటీబాడీల వైపు నడిపిస్తుంది, పరాయి కణాలను కొంత ఓర్చుకుంటుంది. కలయిక ఉన్న స్త్రీలలో నెల రెండో సగంలో మొగ్గు టీహెచ్2 వైపు కనిపించింది. లేనివాళ్లలో ఆ ఊగు లేదు. అంటే గర్భం వచ్చే అవకాశం ఉందని ఒంటికి ముందే తెలిసి సర్దుకుంటున్నట్టు ఉంది.

ఇది చక్కటి పరిశీలన. అయితే ముప్పై మంది అంటే మన ఊళ్లో ఒక బస్సులో సగం మంది. కలయిక వల్లే ఆ తేడా వచ్చిందా, ఆరోగ్యంగా, మనసు కుదురుగా ఉన్నవాళ్లే ఎక్కువగా కలుస్తున్నారా అన్నది ఇలాంటి పరిశోధన తేల్చలేదు. పైగా అందులో కనిపించింది పెరగడం కాదు, మారడం. ఆ మాటే 'ఇమ్యూనిటీ పెరుగుతుంది' అయి మన ఫోన్లోకి వచ్చింది.

మనసు కుదురు అన్నాను కదా, అది పక్కన పెట్టే విషయం కాదు. ఇష్టంతో కలిసినప్పుడు యోనికి రక్తప్రసరణ పెరిగి తడి ఊరుతుంది. భయంతోనో బలవంతంగానో జరిగినప్పుడు ఆ తడి ఉండదు, పొర గీసుకుపోతుంది. కంటికి కనిపించని ఆ గీతలే క్రిములకు దారి. ఆడమనిషి ఒప్పుకోలు గురించి మాట్లాడటం రక్షణ వ్యవస్థ గురించి మాట్లాడటం కూడా అన్నమాట.

"ఇంకా విశేషం లేదా?" అని అడిగే ముందు

పెళ్లయిన రెండో నెలకే నీళ్లు పోసుకుందా అని అడిగే లోకం మనది. వీర్యంతో పరిచయం గురించి ఇందాక చెప్పిన విషయం ఇక్కడ తగులుతుంది. గర్భిణులకు బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బు ప్రపంచంలో 2 నుంచి 8 శాతం కాన్పుల్లో వస్తుంది. మొదటి కాన్పులో ఎక్కువ. 1994లో గ్వాడెలూప్ దీవిలో చేసిన ఒక పరిశోధనలో, గర్భానికి ముందు దంపతులు ఎక్కువకాలం కలిసి ఉన్నకొద్దీ ఈ జబ్బు తక్కువగా కనిపించింది. తల్లి రక్షణ వ్యవస్థకు తండ్రి ప్రొటీన్లతో పరిచయం పెరగడమే కారణమని ఒక వర్గం వాదన.

ఒప్పుకోనివాళ్ల వాదనలోనూ పస ఉంది. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. వయసు, బరువు, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్, కవలలు లాంటి కారణాల పాత్ర దీనికన్నా స్పష్టంగా తెలుసు. కాబట్టి పెళ్లయిన వెంటనే గర్భం వచ్చిన అమ్మాయి టెన్షన్ పడాల్సిన పని లేదు. అలాగే ఏడాది ఆగాలనుకునే జంటను తప్పుపట్టడానికి శరీరశాస్త్రంలో కారణం ఏదీ లేదు.

అత్తమ్మ చెప్పిన 'వేడి'

పక్కింటి కొత్త కోడలికి వచ్చింది మూత్రనాళ ఇన్ఫెక్షన్. ఆడవాళ్లలో సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. పెళ్లయిన కొత్తలో ఎక్కువ. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే. మగవాళ్లకు దాదాపు 20. పేగుల్లో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా చర్మం మీదికి చేరుతూనే ఉంటుంది. కలయిక సమయంలో ఒత్తిడికి అది మూత్రనాళంలోకి, అక్కణ్నుంచి మూత్రాశయంలోకి ఎక్కుతుంది. యోనిలో లాక్టోబాసిల్లస్ బాగుంటే ఈ-కోలై అంత దగ్గరగా చేరలేదు. లాక్టోబాసిల్లస్ తగ్గినప్పుడు ఈ ఇబ్బంది మళ్లీ మళ్లీ రావొచ్చు.

మరి అత్తమ్మ మాట తప్పా? సగం తప్పు. ఇది ఒంటి వేడి కాదు, క్రిమి. సగం మాత్రం నిజం. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలలో సగం మంది రోజూ మరో లీటరున్నర నీళ్లు తాగారు. ఏడాదిలో వాళ్లకు ఇన్ఫెక్షన్లు ఇంచుమించు సగానికి తగ్గాయి. బార్లీలో మహిమ లేకపోయినా దానిలోని నీళ్లలో ఉంది. మన దగ్గర పత్తి చేన్లలో కూలికి పోయే ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగరు. తాగితే మూత్రానికి పోవాలి, చాటు ఉండదు. కొట్టుకుపోవాల్సిన క్రిమి అక్కడే ఉండిపోతుంది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి కూడా మొదలైతే అది మూత్రపిండాల దాకా ఎక్కినట్టు, అప్పుడు నీళ్లతో ఆగదు. గర్భిణులకైతే ఈ ఇన్ఫెక్షన్ మొదట్లోనే చూపించుకోవాల్సిన విషయం.

వాసన వచ్చినప్పుడు, ఒక్కరికే మందు ఇచ్చినప్పుడు

కాపలా నిజంగా దెబ్బతింటే ఏమవుతుంది? ఎక్కువగా కనిపించేది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. లాక్టోబాసిల్లస్ తగ్గి గార్డ్‌నెరెల్లా లాంటి చెడు బ్యాక్టీరియా పెరుగుతాయి. పీహెచ్ 4.5 దాటుతుంది. పలచటి, బూడిద రంగు తెలుపు, చేపల వాసన. కలయిక తర్వాత ఆ వాసన ఎక్కువవుతుంది, ఎందుకంటే వీర్యం పులుపును తీసేసినప్పుడు ఆ వాసన పదార్థాలు గాల్లోకి లేస్తాయి. విరిగిన పాలలా గడ్డలుగా వచ్చి విపరీతంగా దురద పెడితే అది ఫంగస్. అందులో పులుపు మామూలుగానే ఉంటుంది. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగలా వస్తే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు, అది కలయికతోనే పాకుతుంది. మూడింటికీ మందులు వేర్వేరు. మెడికల్ షాపులో వైట్ అవుతోందని చెప్పి తెచ్చుకున్న గోలీ ఒకదానికి పనిచేసి, ఇంకోదాన్ని పెంచొచ్చు. యాంటీబయాటిక్ తర్వాత ఫంగస్ రావడం మామూలుగా జరిగేదే.

వెజైనోసిస్‌కు మందు వాడాక కొన్ని నెలల్లో మళ్లీ రావడం చాలా ఎక్కువ. ఏళ్లతరబడి డాక్టర్లు దీన్ని ఆడవాళ్ల సొంత సమస్యగానే చూశారు. 2025 మార్చిలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ లెక్క మార్చారు. 164 జంటలను తీసుకుని, సగం జంటల్లో భార్యకు మాత్రమే, మిగతా సగంలో భర్తకు కూడా వారం రోజులు మందు ఇచ్చారు. భార్యకు మాత్రమే ఇచ్చినప్పుడు 12 వారాల్లో 63 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇద్దరికీ ఇచ్చినప్పుడు 35 శాతం. వంద మందిని ఊహించుకుంటే ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు మళ్లీ ఆ బాధ పడకుండా తప్పించుకున్నట్టు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను ముందే ఆపేశారు.

పాలమూరు సంగతి తలుచుకుంటే ఈ అంకె ఇంకా బరువుగా అనిపిస్తుంది. నారాయణపేట వైపు ఒక ఊరు, భర్త ముంబైలో మట్టిపని, పండుగకు వచ్చి పది రోజులుండి పోతాడు అనుకుందాం. అతను వచ్చిపోయిన ప్రతిసారీ ఆమెకు వాసన, తెలుపు. ప్రతిసారీ ఆమె ఒక్కతే దవాఖానకు పోయి మందు మింగుతుంది. అతనికి ఏ బాధా ఉండదు కాబట్టి అతని గురించి ఎవరూ అడగరు. లోపం ఆమె ఒంట్లోనే ఉందని అత్తవారింట్లో మాట. ఆ మగమనిషి తప్పుదారి పట్టాడని కూడా దీనర్థం కాదు, ఈ బ్యాక్టీరియా ఇద్దరి మధ్యే అటూ ఇటూ తిరుగుతుండొచ్చు.

వైరస్‌ను తరిమేసేది కూడా ఈ కాపలానే

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంగతి బయటపెట్టినందుకు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. కలయిక మొదలైన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందిలో రెండేళ్లలోపే రక్షణ వ్యవస్థ దాన్ని తుడిచేస్తుంది. ఏళ్లతరబడి ఉండిపోయిన కొద్దిమందిలోనే క్యాన్సర్ దాకా వెళ్తుంది, అదీ పదేళ్లకో ఇరవై ఏళ్లకో. ఆ కొద్దిమందే మన దేశంలో ఏటా 1.2 లక్షలకు పైగా అవుతున్నారు.

వయసు ఇక్కడ పెద్ద విషయం. పదిహేను, పదహారేళ్ల అమ్మాయికి గర్భసంచి ముఖద్వారం దగ్గర పొర ఇంకా ఒకే వరుస మెత్తటి కణాలతో ఉంటుంది, గట్టిపడటానికి సమయం కావాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. నలుగురిలో ఒకరు.

'పుండు' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు మా చిన్నమ్మ దగ్గరికి. గర్భసంచి ముఖద్వారం లోపలి వైపు ఉండే ఎర్రటి మెత్తటి పొర కొందరిలో బయటి వైపు కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఇది మామూలు. డాక్టర్ పరికరం పెట్టి చూస్తే ఎర్రగా, పచ్చిగా ఉంటుంది. తెలుపు కాస్త ఎక్కువ పోవచ్చు, కలయిక తర్వాత ఒక చుక్క రక్తం కనిపించొచ్చు. పూర్వం డాక్టర్లు దీన్ని ఎరోజన్ అన్నారు. అంటే కోసుకుపోయిందని. ఆ మాటే తెలుగులోకి వచ్చేసరికి పుండు అయింది. నిజానికి అక్కడ పుండు లేదు, ఒక పొర ఇంకోచోట కనిపిస్తోంది, అంతే. ఇప్పుడు దీన్ని ఎక్ట్రోపియన్ అంటున్నారు, చాలాసార్లు ఏ వైద్యమూ అక్కర్లేదు. కలయిక తర్వాత పదేపదే రక్తం కనిపిస్తే మాత్రం క్యాన్సర్ కాదని పరీక్షతో తేల్చుకోవాలి. పరీక్ష వేరు, గర్భసంచి తీసేయడం వేరు.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు 3 శాతానికి కాస్త పైన. తెలంగాణలో దాదాపు 8 శాతం. కొందరికి అది నిజంగా అవసరం. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ ఉన్నప్పుడు ప్రాణం నిలిపే ఆపరేషన్ అది, దాన్ని కాదనడం లేదు. అనవసరంగా తీసేస్తున్నారన్న కేసులోనే 2023లో సుప్రీంకోర్టు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

తెలుపు కోసం గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఒక సంగతి చెప్పరు. తెలుపులో కొంతభాగం యోని గోడ నుంచి కూడా వస్తుంది. గర్భసంచి తీసినా అక్కడి ఇన్ఫెక్షన్ అక్కడే ఉంటుంది. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. గ్లైకోజెన్ చేరదు, లాక్టోబాసిల్లస్‌కు మేత ఉండదు, పులుపు పోతుంది, పొర పలచబడుతుంది. యాభై ఏళ్లకు రావాల్సిన పొడిదనం, మూత్రంలో మంట ముప్పై ఐదేళ్లకే వస్తాయి.

ఆ రాత్రి చిన్నమ్మ బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాత ఫైలు తీసింది. అంచులు పసుపు తిరిగాయి. తీసేసిన గర్భసంచి ల్యాబ్ రిపోర్టు ఇంగ్లిష్‌లో ఒక్క పేజీ. ఆ దవాఖాన వాళ్లు ఆనాడు దాన్ని మడిచి చేతిలో పెట్టారు, ఏముందో చెప్పలేదు. నేను ఒక్కో లైను తెలుగులో చదివాను. గర్భసంచిలో ఏ జబ్బూ లేదు. క్యాన్సర్ గుర్తులు లేవు. రెండు అండాశయాలూ మామూలుగా ఉన్నాయి.

"రెండూనా?" అంది చిన్నమ్మ. "అవి గూడ తీసిండ్రా?"

అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తెలియదు.